చుట్టిన ఓటు

మా అవ్వ చుట్టిన బీడీని కుప్పలోంచి ఏరి, ఇది ఫలానా ఆమెదని చెప్పగలిగిన మనిషి మా ఊళ్లో ఒక్కడే ఉండేవాడు. అతను బీడీ టేకేదారు. కంపెనీ నుంచి తునికాకు, తంబాకు తెచ్చి మాకు తూకం వేసి ఇచ్చేదీ, మేము చుట్టి తెచ్చిన కట్టలు చూసి తీసుకునేదీ అతనే. కట్ట విప్పకుండానే, వరుసగా ఉన్న బీడీల మూతులు చూసి, "గీ కట్ట నువ్వు చెయ్యలే, నీ కోడలు చేసింది" అని తేల్చేవాడు. అతను తప్పు చెప్పగా నేను చూడలేదు.

ఒక్కొక్కరిదీ ఒక్కో తీరు. కొందరు బిగించి చుడతారు, కొందరిది వదులు చెయ్యి. అవ్వ, అంటే మా అమ్మ, బీడీ మూతిని గోరుతో లోపలికి నొక్కేటప్పుడు కొసను కొంచెం ఎడమకు తిప్పుతుంది. చిన్నతనంలో బొటనవేలు విరిగి వంకరగా అతుక్కోవడం వల్ల వచ్చిన తీరు అది. ఆమె దగ్గరే పని నేర్చుకున్నా నాకు ఆ మెలిక రాలేదు.

తెలంగాణ ఉద్యమం ఆఖరి ఏళ్లలో మమ్మల్ని అన్నింటికన్నా ఎక్కువ భయపెట్టింది పోలీసులు కాదు, ఆ మెలికే.

నేను అయిదో తరగతితో బడి మానేశాను. లెక్కలు మాత్రం బీడీల చాట ఒళ్లో పెట్టుకునే నేర్చుకున్నాను. ఇంత ఆకుకు ఎన్ని బీడీలు రావాలి, ఎంత తరుగు పోవచ్చు అని చూసీ చూసీ, ఏ పనికైనా ముందు లెక్క వేసుకోవడం అలవాటైంది. మా ఆయన దుబాయిలో ఉండేవాడు. నేను రాయికల్ దగ్గరి మా ఊళ్లో అవ్వతోనే ఉండేదాన్ని. పక్కింట్లో వరుసకు వదిన అయ్యే ఆమె ఉండేది. ఆమె కూడా మాలాగే బీడీలు చేసేది.

కోరుట్లలో నిరసనగా రోడ్డు మీద వంటావార్పు పెట్టిన రోజు మా వాడ ఆడవాళ్లమంతా ట్రాలీ ఆటోల్లో వెళ్లాం. ఎంతమందికి ఎన్ని బియ్యం పోయాలో చెప్పే పని నాకు అప్పగించారు. పొయ్యిలు రాజుకుని ఎసరు మరిగే వేళకు పోలీసు జీపులు వచ్చాయి. నా కాళ్లు వాటంతట అవే లేవబోయాయి. వదిన నా కొంగు పట్టి కిందికి గుంజింది.

"లేవకుర్రి," అంది అందరికీ వినబడేలా. "ఒక్కపారి లేత్తే మళ్ల కూసునుడు గాదు."

కూర్చున్నాం. భయపడ్డాం కూడా. అయితే అంతమందిమి ఒక్కచోట ఉండడంతో తలా కొంచెమే వచ్చింది ఆ భయం. అప్పటికి అది నాకు కొత్త లెక్క. జీపులు కాసేపు ఆగి వెనక్కి పోయాయి. ఆ రోజు నుంచి ఎక్కడికి పోవాలన్నా వాడంతా వదిన మొహమే చూసేది.

ఆ తర్వాత పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. మా వార్డు ఆడవాళ్లకు రిజర్వు అయింది. పంచాయతీలో జెండా గుర్తులుండవు గానీ, ఎవరి వెనక ఏ జెండా ఉందో పాలు పోసేవాడికి కూడా తెలుసు. వదినను నిలబెట్టమని అడగడానికి జగిత్యాలలోని ఉద్యమ పార్టీ ఆఫీసుకు వెళ్లాం. అక్కడి నాయకుడు మమ్మల్ని చూడగానే లేచి కుర్చీలు వేయించాడు.

"అక్కలారా, ఉద్యమానికి మీరే పానం," అన్నాడు. "గని ఎలచ్చన్ ముచ్చట వేరు. ఖర్సు వెట్టుకునే ఇల్లు గావాలె."

"రోడ్డు మీద కూసోవెట్టినప్పుడు ఇల్లు అడగలే గదన్నా," అంది వదిన. "కుర్సీల కూసునేటప్పుడే యాదికచ్చిందా ఇల్లు?"

"గట్లంటవేందక్కా. ముందు చాయ్ తాగుర్రి."

చాయ్ వచ్చింది, తాగి వచ్చేశాం. రెండు రోజులకు తెలిసింది, పార్టీ నిలబెట్టేది టేకేదారు భార్యనని. ఆమె చెడ్డది కాదు. ఇల్లు దాటి రావడమే తక్కువ. వాల్‌పోస్టర్ మీద ఆమె ఫోటో కన్నా భర్త ఫోటో పెద్దదిగా ఉంది. వదిన ఎవరినీ మళ్లీ అడగలేదు, తానే వెళ్లి నామినేషన్ వేసి వచ్చింది. ఆమెకు గ్యాస్ పొయ్యి గుర్తు వచ్చింది, టేకేదారు భార్యకు బీరువా.

ఆ మధ్యాహ్నం మా అరుగు మీద చాటలు పెట్టుకుని కూర్చున్నవాళ్లలో ఎవరి చెయ్యీ సరిగ్గా ఆడలేదు.

"గాయినె పెండ్లాం మీద నిలవడితివి. మాకు ఆకు బందు వెట్టడా?" అని ఎదురింటామె వదినను అడిగింది.

"ఓటు సాటుకే గద ఏసేది. ఎవలికి ఎరుకైతది?" అంది వదిన.

"మూతి సూసి బీడీ గుర్తువట్టెటోడు, నా మూతి సూసి ఓటు గుర్తువట్టడా?"

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఎమ్మెల్యే ఎన్నికలో ఒక ఓటు సముద్రంలో పడ్డట్టు, ఎవరిదో దేవుడికి కూడా అంతు చిక్కదు. వార్డు ఓటు అలా కాదు. మొత్తం వేసేవాళ్లు ఒక పెళ్లి బంతికి సరిపోయేంతమందే. అందులో టేకేదారు చుట్టాలను తీసేసి, వదిన చుట్టాలను తీసేస్తే, మిగిలేది అతని ఆకు మీద బతికే ఇళ్లు. కుప్ప ఎంత చిన్నదైతే ఓటుకు దాక్కునే చోటు అంత తక్కువ.

అవ్వ తల ఎత్తకుండానే సిరిసిల్ల ముచ్చట తీసింది. మా అమ్మమ్మది సిరిసిల్ల. దేశంలో మొదటిసారి అందరికీ ఓటు వచ్చినప్పుడు పేర్లు రాసుకునేవాళ్లు వాళ్లింటికి వచ్చారట. పరాయి మగవాళ్లకు పేరు చెప్పకూడదని అమ్మమ్మ తలుపు చాటున నిలబడి, "ఫలానా ఆయన ఇంటామెను" అని మాత్రమే చెప్పిందట. ఓటు నాడు కొత్త చీర కట్టుకుని నడిచి పోతే, పేరు లేదని పంపించేశారు.

"అవ్వ సచ్చేదాక జెప్పేది," అంది మా అమ్మ. "ఇంటికచ్చి సీర ఇడిసి మడతవెట్టుకున్నదట. మల్లెన్నడు గా సీర కట్టలే."

"అయితే నువ్వెవలికి ఏత్తవే?" అని నేను అడిగాను.

"నీకెందుకు బిడ్డా?" అంది అవ్వ, బీడీ మూతి నొక్కుతూ.

నాకు ఎందుకంటే, ఆమెకు కంపెనీ కార్డు ఉంది. కార్డు ఉంటేనే ఆకు ఇస్తారు. చేతులు ఆగిపోయాక పింఛను వచ్చేది కూడా ఆ కార్డు మీదే. దాన్ని ఉంచాలన్నా కొట్టివేయాలన్నా టేకేదారు ఒక్క మాట చాలని మేమంతా నమ్మేవాళ్లం. నలభై ఏళ్ల పని ఆ కార్డులో ఉంది. అది పోతే అవ్వకు వేరే ఆసరా లేదు.

ఓటు నాడు బడిలో వదిన తరఫున ఏజెంటుగా నేను కూర్చున్నాను. నా పక్క కుర్చీలో భార్య తరఫున టేకేదారు. ఎన్నికల ఆఫీసరు వచ్చిన ప్రతి ఆడమనిషికీ కాగితం ఎలా మడవాలో ఓపికగా చూపిస్తున్నాడు. నిలువుగా ఒక మడత, అడ్డంగా ఒక మడత. అవ్వ లోపలికి వచ్చి, అడగకముందే తన పేరు గట్టిగా చెప్పింది.

"మెల్లగ చెప్పవ్వా, మేమంత గీన్నే ఉన్నం," అన్నాడు టేకేదారు.

"నువ్వున్నవనే గట్టిగ చెప్తున్న," అంది అవ్వ.

ముద్ర వేయడానికి కట్టిన అట్ట చాటుకు వెళ్లి వచ్చింది. డబ్బాలో కాగితం వేసి, మా ఇద్దరి వైపూ చూడకుండా వెళ్లిపోయింది. ఆ కాగితం ఎలా ఉందో నేను చూడలేదు. చూడకూడదని తల దించుకున్నాను.

మధ్యాహ్నం అదే గదిలో లెక్కింపు మొదలైంది. డబ్బా తెరిచి బల్ల మీద బోర్లించారు. చదునుగా మడిచిన కాగితాల మధ్య సన్నగా, గుండ్రంగా ఉన్నవి కొన్ని దొర్లి బల్ల అంచు దాకా వచ్చాయి. ఆఫీసరు ఒకదాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకున్నాడు.

"ఇవేంటండీ, బీడీలా?" అని నవ్వాడు.

మేమెవరం నవ్వలేదు. అవి ఏమిటో నాకు చూడగానే తెలిసింది. ఆఫీసరు చూపించినట్టే మా ఆడవాళ్లు తలలు ఊపారు. కానీ అట్ట చాటున ఒంటరిగా నిలబడ్డాక చేతికి ఆ చూపించింది గుర్తుండదు. ఆకు పట్టిన వేళ్లు, పలుచటిది ఏది దొరికినా ఒకటే పని చేస్తాయి. చుట్టేస్తాయి.

టేకేదారు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. కాగితాలు ముట్టుకునే హక్కు అతనికి లేదు. ముట్టుకోవలసిన అవసరమూ లేదు. ఆఫీసరు ఒక్కో చుట్టను విప్పేముందు అతను దాని మూతిని చూశాడు, విప్పాక గుర్తును చూశాడు. నోట్లో ఏదో నములుతున్నట్టు పెదవులు మెల్లగా కదిలాయి. పేర్లు అనుకుంటున్నాడని నాకు అర్థమైంది. బిగువు చుట్ట ఒకటి విప్పితే గ్యాస్ పొయ్యి. అది ఎదురింటామె చెయ్యి. వదులు చుట్ట ఒకటి బీరువా. అమ్మమ్మ లెక్కలో లేకుండా పోయింది. మేము లెక్కలోకి వచ్చి, ఇలా ఒక్కొక్కరం దొరికిపోతున్నాం.

అప్పుడు కుప్పలోంచి అది వచ్చింది. సమంగా చుట్టి, మూతి లోపలికి నొక్కి, కొస ఎడమకు తిప్పి ఉంది.

నేను వదిన ఏజెంటుని. అయినా ఆ ఒక్క ఓటు మాత్రం బీరువాకే పడి ఉండాలని నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను.

ఆఫీసరు దాన్ని గోరుతో విప్పడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. అవ్వ నొక్కిన మూతి అంత గట్టిది. విప్పి అందరికీ కనబడేలా పట్టుకున్నాడు. గ్యాస్ పొయ్యి మీద ముద్ర స్పష్టంగా పడింది. టేకేదారు ఆ కాగితం వైపు కాకుండా నా వైపు చూశాడు.

వదిన కొద్ది ఓట్లతో గెలిచింది. బయట డప్పు మోగింది, గులాల్ చల్లారు. నేను తలకు కొంగు కప్పుకుని ఇంటికి వచ్చేశాను. అవ్వ చాట ముందు కూర్చుని ఆకు కత్తిరిస్తోంది.

"ఓటు ఎందుకు చుట్టినవే అవ్వా?"

"నేనేడ చుట్టిన? మడతవెట్టిన."

"చుట్టినవ్. మూతి గుడ నొక్కినవ్. ఆయినె సూసిండు."

అవ్వ కత్తెర కింద పెట్టింది. తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకుంది, ఎవరిదో చెయ్యి తన ఒళ్లో వచ్చి పడ్డట్టు.

ఆకు ఇచ్చే రోజు ఆమె వెనకే నేనూ టేకేదారు కార్ఖానాకు వెళ్లాను. టేకేదారు ఎన్నికల ఊసు ఎత్తలేదు. అవ్వ కట్టలు విప్పి, ఒక్కో కట్టలోంచి పిడికెడు తీసి పక్కకు వేశాడు. పక్కకు పడ్డవాటికి కూలి రాదు.

"గివి పనికిరావు."

"ఏం తక్కువున్నయి సేటూ? ఎప్పటి తీరుగనే ఉన్నయి గద," అన్నాను.

"ఎప్పటి తీరుగనే ఉన్నయి," అన్నాడు అతను నన్నే చూస్తూ. "నీ అవ్వ చెయ్యి నేను ఏడున్నా గుర్తువడ్త."

ఎదురింటామెకూ అంతే జరిగింది. ఆ తర్వాతి వారమూ అంతే. కార్డు గురించి అతను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే మాకు నిద్ర లేకుండా చేసింది. పని లేనప్పుడు అవ్వ ఆ చెయ్యి కొంగు కింద దాచుకునేది.

మూడో వారం మేము వెళ్లేసరికి కార్ఖానా మెట్ల మీద వదిన కూర్చుని ఉంది. చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేసుకుంటోంది.

"ఏం వని అక్కా గీడ?" అని అడిగాడు టేకేదారు.

"వార్డు మెంబర్ను గద. వార్డుల కూసున్న."

"ఇంట్ల కూసోరాదూ?"

"ఇల్లు సిన్నది సేటూ. ఖర్సు వెట్టుకునే ఇల్లు గాదు."

వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. వదిన తల ఎత్తలేదు. ఒకరి తర్వాత ఒకరు ఆడవాళ్లు కట్టలు ఇచ్చి, ఆకు తీసుకుని, ఇంటికి పోకుండా ఆమె పక్కన కూర్చోవడం మొదలుపెట్టారు. నినాదాలు లేవు. కోరుట్ల రోడ్డు మీద కూర్చున్నట్టే కూర్చున్నారు. అవ్వ వంతు వచ్చింది. టేకేదారు కట్ట విప్పి, మూతుల మీద వేలు పెట్టి, మెట్ల వైపు చూశాడు. తీసి పక్కకు వేసింది ఆ రోజు నాలుగు బీడీలే. ఆకు తూకం సరిగ్గా ఇచ్చాడు. అవ్వ ఆకు మూట ఎత్తుకుని వెళ్లి వదిన పక్కన కూర్చుంది. నేనూ కూర్చున్నాను.

కార్డు నిలిచింది. భయం మాత్రం ఎటూ పోలేదు. వదిన ఎన్ని వారాలని మెట్ల మీద కూర్చోగలదు, అతను ఎన్ని ఏళ్లని ఆకు తూకం వేస్తాడు అని లెక్క వేసుకుంటే, ఆ లెక్క మాకు అనుకూలంగా రాలేదు.

మరుసటి ఏడు, రాష్ట్రం వస్తోందని ఊరంతా సంబరంగా ఉన్నప్పుడు, మండలం ఎన్నికలకు మళ్లీ కాగితం ఓటే అన్నారు. అది విన్న రోజు నేను పాత పేపర్లు ఓటు కాగితమంత ముక్కలుగా కత్తిరించాను. మా అరుగు మీద ఆడవాళ్లంతా చాటలు పక్కన పెట్టి మడతలు నేర్చుకున్నారు. నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి. ఎదురింటామె ముక్క రెండుసార్లు దానంతట అదే చుట్టుకుపోయింది.

"పాడువడ్డ చెయ్యి," అని దాన్నే తిట్టుకుంది. ఒకరిద్దరు నవ్వారు.

అవ్వ పెదవి కొరుకుతూ నెమ్మదిగా మడిచింది. నిలువు మడత సరిగ్గా వచ్చింది, అడ్డం మడతా వచ్చింది. మడిచిన ముక్కను నా చేతిలో పెట్టింది.

"అచ్చిందా బిడ్డా?"

నేను దాన్ని వెలుగుకు పట్టి చూశాను. చదునుగానే ఉంది. కానీ ఒక మూల మీద గోరు నొక్కిన గీత ఉంది. అక్కడ కాగితం కొస చిన్నగా ఎడమకు తిరిగి ఉంది.

"మళ్లొక్కపారి చెయ్యే," అన్నాను.

అవ్వ ఇంకో ముక్క తీసుకుంది.