దోసెల పెనం మీద ఇంజను హెడ్డు

ఇవాళ పొద్దున పంజాగుట్టలోని మా అద్దె ఇంటి వంటగదిలో, పొయ్యి మీది పాత ఇనప పెనం నుంచి మాడిన ఇంజనాయిలు వాసన లేచింది. కిటికీ తెరవబోయి ఆగిపోయాను. నా చిన్నతనమంతా ఆ వాసనలోనే ఉంది.

అప్పుడు మేము అమీర్‌పేటలో, బల్కంపేటకు పోయే దారి పక్క గల్లీలో ఉండేవాళ్లం. ముందు గది బాపు షెడ్డు, వెనక గది ఇల్లు. బాపు బాగుచేసేవన్నీ ముసలి మోటారు సైకిళ్లే. ఆషాఢపు ముసురులో తడిసిన గోనెసంచుల వాసన, పెట్రోలు వాసన, అమ్మ కాల్చే సర్వపిండిలో నువ్వుల వాసన, బోనాలకని గడపకు రాసిన పసుపు వాసన కలిసి ఇల్లంతా తిరిగేవి. మిగతా పిల్లలు గల్లీలో గోలీలాడుతుంటే, నలుగురిలో నోరు విప్పాలంటేనే భయపడే నేను గడప మీద కూర్చునేదాన్ని. బాపు అరచేతుల మధ్య కర్రను కవ్వంలా తిప్పుతూ ఇంజన్లోకి గాలిని వదిలి మూసే వాల్వును దాని గూట్లో నూరుతుంటే, గరగరమనే చప్పుడు మెల్లగా సన్నబడి మెత్తబడడం వింటూ ఉండేదాన్ని.

అన్నిటికంటే నాకిష్టమైన పని గైడు ఎక్కించడం. ఇంజను నెత్తిన మూతలా కూర్చునే అల్యూమినియం దిమ్మె హెడ్డు. అందులో వాల్వు పైకీ కిందికీ జారడానికి బిగించే చిన్న కంచు గొట్టం గైడు. అది తన రంధ్రం కంటే వెంట్రుకవాసి లావుగా ఉంటుంది. అందుకని హెడ్డును పెనం మీద కాచి, గైడును ఫ్రిజ్‌లో మంచుగడ్డల అరలో రాత్రంతా ఉంచి, హెడ్డు వ్యాకోచించి గైడు కుదించుకున్న ఆ కాసేపట్లోనే ఒక్క ఊపున దించాలి. వేడి చాలిందో లేదో చెప్పేది అమ్మ. దోసె పోసే ముందులాగే వేళ్లతో నీళ్లు చిలకరించేది. చుక్క అంటుకోకుండా గోలీలా దొర్లితే "ఇగ కానియ్" అనేది. గైడు తెచ్చి ఇచ్చే పని నాది.

ఒక ఏడు బోనాలకు ముందు, శ్రీనగర్ కాలనీ నుంచి రిటైరైన మాష్టారొకరు తన పాత బండిని తోసుకుంటూ వచ్చారు. పెళ్లయిన కొత్తలో భార్యను ఊరంతా తిప్పిన బండి అది. అలాంటి హెడ్డు ఇంకొకటి దొరకదని, అరిగిన రంధ్రం ఈసారి చీరితే బండిని తుక్కుకు వేయడమేనని బాపు ముందే చెప్పాడు.

ఆ రోజు మాష్టారు వంటగది గుమ్మంలోనే నిలబడ్డారు. ఆయన వెనక పక్కింటివాళ్లు తొంగి చూస్తున్నారు. అమ్మ చిలకరించిన చుక్క దొర్లింది. నేను గైడు తీశాను. ఎప్పుడూ తెల్లటి మంచు పట్టి వేళ్లకు అతుక్కునేది, ఆ రోజు ఉత్త తడిగా ఉంది.

"ఇయ్యి బిడ్డా, జల్ది!" బాపు చేయి చాచాడు.

అందరూ నావైపే చూస్తున్నారు. పిడికిలి బిగించి చేయి వెనక్కి పెట్టుకున్నాను.

"ఏంటమ్మా, నా బండి మీద అలిగావా?" అని మాష్టారు నవ్వారు.

"సల్లగ లేదు బాపూ," అన్నాను చివరికి, నా గొంతు నాకే కొత్తగా వినిపిస్తుండగా.

బాపు గైడును చెంపకు ఆనించి చూసుకుని, పొయ్యి ఆపేశాడు.

మూల నుంచి నాయనమ్మ గొణిగింది. "నేనే పొద్దుగాల తీసి బైట వెట్టిన. అమ్మవారి పెరుగు పక్కన గా ఆయిలు సామానేంది? నువ్వు తిడ్తవని ఇప్పుడే మల్ల లోపట వెట్టిన."

"గైడు సగంల ఇరుకుతుండె అమ్మా! సారు బండి తుక్కుకే పోతుండె!" అన్నాడు బాపు.

"ఫికర్ జెయ్యకు. పెరుగు నా నెత్తి మీద వెట్టుకుంట. ఫ్రిజ్‌ల నీ గొట్టాన్నే పండుకోనియ్."

మాష్టారు కూడా పడీపడీ నవ్వి, సర్వపిండి తిని వెళ్లి, మర్నాడు మళ్లీ వచ్చారు. ఈసారి గైడు నా వేళ్లకు అతుక్కుంది. సుత్తి దెబ్బలు డొల్లగా మోగి మోగి, గైడు అడుగుకు దిగగానే ఖంగుమన్నాయి. బోనాల నాడు ఆ బండి మీదే ఇద్దరూ వచ్చారు. మాష్టారి భార్య నా పిడికిలి విప్పి, అందులో లడ్డూ పెట్టింది.

ఇప్పుడు ఆ గల్లీలో మా షెడ్డు లేదు, దాని చోట హాస్టలు లేచింది. నాయనమ్మ లేదు. నలుపెక్కిన పెనం మాత్రం మాతో వచ్చింది. ఆఫీసు లేని రోజుల్లో పాత హెడ్లు నేనే కాస్తున్నాను. ఇవాళ కూడా నీళ్లు చిలకరిస్తే చుక్క దొర్లింది. పక్కగదిలోంచి, చూడకుండానే, "ఇగ కానియ్" అంది అమ్మ. బాపు ఫ్రిజ్ తెరిచి గైడు తెచ్చాడు.

"సల్లగుందా బాపూ?"

"నువ్వే పట్టి సూడు."

అందుకున్నాను. అది వేళ్లకు అతుక్కుంది.