బావ కుడిచెయ్యి

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇవాళ మీ ముందు దించుతున్నాను. ఓదార్చాలని మాత్రం చూడకండి. జాలి చూపించేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

మా అక్కనూ బావనూ ఊరి నుంచి సూరత్‌కు పిలిపించింది నేనే. డిండోలిలో మా పక్క గదిలో దిగారు. నేను పనిచేసే మగ్గాల కార్ఖానాలోనే బావను పనికి పెట్టించాను. నేను ఒక్క పోగు ముడివేసేలోపు అతను మూడు వేసేవాడు. పదేళ్లుగా ఉన్న నన్ను వదిలేసి సేఠ్ అతన్నే మెచ్చుకునేవాడు. నీ వేళ్లకు నిద్దరొచ్చిందా అని బావ అందరి ముందూ ఎగతాళి చేసేవాడు. పైకి నవ్వేవాణ్ణి. లోపల కాలిపోయేది.

అతనొచ్చిన రెండో నెలలో, ఒక ఆదివారం, నేనూ బావా సూరత్ దగ్గరి కిమ్‌లో చుట్టాలింటికి వెళ్లి తిరిగి వస్తున్నాం. కారు దోస్తుది. నడిపింది నేను. లైసెన్సు లేదు. ఫోన్ మోగితే చూశాను. కారు డివైడర్‌కు గుద్దుకుంది. నాకు గీత కూడా పడలేదు. తలుపు తెరుచుకుని బావ రోడ్డు మీద పడ్డాడు, కుడిభుజం నేలకు కొట్టుకుంది. మర్నాటికీ ఆ చెయ్యి లేవలేదు.

క్లినిక్‌లో డాక్టరు ఎక్స్‌రే చూసి హిందీలో నాతోనే మాట్లాడాడు. బావకు అప్పటికి హిందీ రాదు. ఎముక బాగానే ఉంది, మెడ నుంచి చేతికి వెళ్లే నరాలు దెబ్బతిన్నట్టున్నాయి, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లు, నెలలు గడిస్తే ఆపరేషన్ చేసినా చెయ్యి రాదు అన్నాడు. అక్కడ పోలీసులకు తెలియజేస్తారని కూడా అన్నాడు.

"ఏమంటుండు బామ్మర్ది?" అన్నాడు బావ.

"బొక్క మంచిగనే ఉన్నదట బావా. జర ఆరాం తీసుకోమన్నడు."

"ఇంకేమన్న చెప్పిండా?"

"ఇంకేం లేదు."

పోలీసులంటే భయపడ్డానా? భయపడ్డాను. అదొక్కటేనా? ఇక ఆ వేళ్లు నాకంటే ముందు ముడివేయవని ఆ క్షణంలో నాలో ఎవడో సంతోషించాడు. ఎవడో ఏమిటి, నేనే.

చెయ్యి నెలనెలా సన్నబడింది. ఎక్స్‌రేలో ఏమీ లేదట, అంతా నాటకమట అని కార్ఖానాలో అన్నారు. నేనూ వంతపాడాను. నా మాట నమ్మి అక్క కూడా అతన్ని పనిదొంగ అని తిట్టింది. ఒకసారి వేడి పెనం తగిలి అతని వేలు బొబ్బలెక్కింది, అతనికి తెలియనే లేదు. నేను చూశాను. దెబ్బ తగిలి అప్పటికింకా మూడో నెలే, ఆపరేషన్‌కు వేళ మించిపోలేదు. అప్పుడైనా నోరు విప్పానా?

రెండేళ్లకు పెద్దాసుపత్రికి వెళ్తే, మొదట్లోనే ఎందుకు రాలేదని అక్కడి డాక్టరు అడిగాడు. ఆ మొదటి డాక్టరుకు పనే రాదని బావ తిట్టాడు. నేనూ తిట్టాను. ఇప్పుడతను ఎడమచేత్తో టీ కొట్టు నడుపుతున్నాడు. ఈనాటికీ ఆ డాక్టరునే తిడతాడు.

ఆ డాక్టరు అన్నీ చెప్పాడు. బావకు చెప్పనిది నేను. అక్కకూ బావకూ ఇంకా తెలియదు, చెప్పే ధైర్యం వస్తుందో లేదో నాకూ తెలియదు. కానీ రాసేశాను. రాశాక పక్క గదికి వెళ్లి, అక్క పెట్టిన అన్నం చాన్నాళ్లకు కడుపునిండా తిన్నాను.