పందెం నూనె

మొన్న నంద్యాలలో గుండె డాక్టరు దగ్గరికి మా కోడలు నన్ను బలవంతాన తీసుకుపోయింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోందని నేనే నోరుజారాను, అనుభవించక తప్పలేదు. ఇసిజి తీసే అమ్మాయి నన్ను బల్లమీద పడుకోబెట్టి, ఒంటికి వైర్లన్నీ తగిలించి, బయటికొచ్చిన కాగితం చూసి మొహం చిట్లించింది. "పెద్దాయనా, పొద్దున్నే నూనె పూసుకోనుండావా? గీత వణుకుతాండాది. ఉండు, తుడిచి మళ్లీ తీస్తా" అంది. స్పిరిటులో ముంచిన దూది ఛాతీకి తగలగానే నా ఒళ్లంతా జలదరించింది. చలికనుకుని పాపం ఆ అమ్మాయి ఫ్యాను ఆపేసింది.

నేను పశువుల డాక్టర్ని. కాపురం నంద్యాలలో, సొంత ప్రాక్టీసు ఆళ్లగడ్డలో. పొద్దున బస్సెక్కి పోవడం, సాయంత్రం ఐదున్నర బస్సుకు తిరిగి రావడం, ఇదే నా జీవితం. బేతంచెర్ల బండలు పరిచిన ఒక గది, ముందు రేకుల పంచ, పంచలో ఎప్పుడూ నాలుగు గేదెలు, వాటికంటే ఎక్కువగా మాట్లాడే వాటి యజమానులు. ఆ గదిలో గొప్పగా చెప్పుకోదగ్గది పాత ఇసిజి మెషీనొక్కటే. నంద్యాలలో మనుషుల డాక్టరైన నా మిత్రుడు కొత్తది కొనుక్కుంటూ పాతది నాకిచ్చాడు. మనుషుల గుండెలు చూసి చూసి విసిగిపోయిన మెషీను, గుర్రాల దగ్గరైనా సుఖపడుతుందని వాడి వేళాకోళం. మా దగ్గర గుర్రాలున్నది ఒక్క ఇంట్లోనే. పెళ్లిళ్లకూ ఊరేగింపులకూ బాడుగకిచ్చే సాయిబుల ఇల్లు అది. ఆ ఇంటి పెద్దను మేమంతా గుర్రాల మామ అనేవాళ్లం.

ఒక ఏడు మామ బెంగళూరు నుంచి గోధుమరంగు ఆడగుర్రాన్ని తెచ్చాడు. అక్కడి పందేలలో పరుగెత్తి, వయసు పైబడిందని అమ్మేసిన గుర్రం. కాగితాల్లో దానికి రైలంత పొడుగు ఇంగ్లీషు పేరుండేది, ఇంట్లో మాత్రం బేటీ అని పిలిచేవాళ్లు. పెళ్లిమేళం వినబడితే చాలు, దానికి పందెం మొదలైనట్టే. ఒకసారి పెళ్లికొడుకును వీపున వేసుకుని నంద్యాల రోడ్డు పట్టింది. పెళ్లికొడుకు ముహూర్తానికి అందాడు గానీ, అతని తలపాగా ఇంతవరకు అందలేదు. ఇక దీనితో పెళ్లిళ్లు కావని మామ దాన్ని తిరునాళ్ల పందేలకు మళ్లించాడు. ఎక్కేవాడు మామ కొడుకు. ముప్పై దాటినవాడు, ఎప్పుడూ నవ్వుమొహం, అప్పుడప్పుడే నడక నేర్చుకుంటున్న కూతురు. రెండేళ్లపాటు ఆ జోడీకి ఎదురులేదు.

మూడో ఏడు కొలిమిగుండ్ల వైపు ఒక ఊళ్లో తిరునాళ్ల పందెం. దానికి ముందురోజు సాయంత్రం మామ, ఆయన కోడలు గుర్రాన్ని నా పంచలోకి నడిపించుకొచ్చారు. పందెం పెద్దలు కొత్తగా డాక్టరు చీటీ అడిగారట. మామ వచ్చింది ఆ చీటీ కోసం. కోడలు వచ్చింది వేరే పని మీద. గుర్రానికి దాణా, నీళ్లు చూసేది ఆమే.

"డాక్టరన్నా, చీటీ సంగతి తర్వాత. నాలుగు దినాలాయ, నీళ్లకాడికి నడిచినా రొప్పుతాండాది. ఎదమీద చెయ్యి పెడితే నాకు భయమైతాండాది. నీ మిషను పెట్టి చూడు."

గుర్రం ఒళ్లంతా నిగనిగలాడుతోంది. వాళ్లింట్లో ఒక ఆచారముంది. పందెం ముందురోజు ఇంటిపెద్ద తన చేతులతో గుర్రానికి ఆముదం పట్టిస్తాడు. పందెం ముగిసేదాకా ఆ నూనెను ఎవరూ తుడవకూడదు. నేను మెడ దగ్గరొకటి, ఎడమ ముందుకాలి వెనక ఒకటి క్లిప్పులు పెట్టాను, జారుతుంటే మళ్లీ పెట్టాను. కాగితం మీద గీత సన్నగా వణుకుతూ వచ్చింది. ప్రతి పెద్ద దెబ్బకూ ముందు కనబడాల్సిన చిన్న మిట్ట ఎక్కడా లేదు.

"నూనె వల్లమ్మా" అన్నాను.

"అయితే తుడిచి మళ్లీ పెట్టన్నా. రెండు నిమిషాల పని."

మామ గొంతు గట్టిపడింది. "తుడిచేది లేదప్పా. మా నాయన కాలం నుంచి యా పందేనికీ తుడిచింది లేదు."

డాక్టర్ని నేను, ఒక్క మాట గట్టిగా అనాల్సింది. గడియారం చూశాను, ఐదూ ఇరవై. ఊరికే నిలబడ్డ గుర్రం గుండె అప్పుడప్పుడు ఒక దెబ్బ తప్పడం మామూలేనని, భయపడొద్దని ఆమెకు చెప్పాను. ఆ మాట అబద్ధం కాదు, ఆ గుర్రానికి వర్తించదంతే. చీటీ రాసిచ్చి, కాగితం డైరీలో పెట్టుకుని బస్సుకు పరుగెత్తాను. ఆమె గుర్రం మెడమీద చెయ్యి వేసి అక్కడే నిలబడి ఉంది.

మర్నాడు పందెం చూడటానికి నేనూ పోయాను. నల్లరేగడి చేలల్లో దారి గీశారు. చివరి మలుపు తిరిగేసరికి ముందున్నది బేటీయే. అరుపులతో చెవులు మోతెక్కిపోతున్నాయి. అంతలో దాని ముందుకాళ్లు రెండూ ఒక్కసారిగా మడతపడ్డాయి. నేను చేరేసరికి గుర్రం చచ్చిపోయి ఉంది. దాని కింద పడ్డ మామ కొడుకు నంద్యాల చేరేలోపే జీపులో, నా ఒళ్లోనే ప్రాణం విడిచాడు. గుంతలో కాలు పడిందన్నారు జనం. వెతికారు, గుంత దొరికింది. వెతికితే గుంత దొరకని చేను ఎక్కడుంది?

మూడోరోజు గది తలుపు గడియ పెట్టి ఆ కాగితం తీశాను. స్కేలు పెట్టి దెబ్బకూ దెబ్బకూ మధ్య దూరం కొలిచాను. ఏ రెండూ ఒకటి కాదు. ఒకచోట వేలెడు, ఒకచోట గోరంత, ఒకచోట రెండు వేళ్లు. నూనె గీతను వణికిస్తుంది, నిజమే. దెబ్బల మధ్య దూరాన్ని మాత్రం అది మార్చలేదు. ఆ గుండె పైగదులు లయ తప్పి ఊరికే కొట్టుకుంటున్నాయి. తుడవాల్సిన పని కూడా లేదు, కాగితాన్ని సరిగ్గా చూసుంటే చాలు. నేను చూసింది గడియారాన్ని.

ఐదు నెలల తర్వాత మామ కోడలు మేకకు మందు కోసం వచ్చింది. మందు తీసుకుంది, మేకను పట్టుకుని గడప దాకా పోయి ఆగింది.

"అన్నా, ఆ కాగితంలో నూనేనా ఉన్నింది?"

డైరీ బల్లమీదే ఉంది.

"నూనేనమ్మా."

ఆమె తలూపి వెళ్లిపోయింది. నిజం తెలిస్తే మామ బతకలేడని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. మామ కూడా పోయాడు. అయినా నేను ఆమె ఇంటి గడప దాకా పోయి చెప్పింది లేదు. భయం, సిగ్గు, అంతకుమించి ఏమీ కాదు.

"చూడు పెద్దాయనా, ఇప్పుడు బాగొచ్చింది" అని ఆ అమ్మాయి కొత్త కాగితం నా ముందు పెట్టింది. అలవాటుగా దెబ్బల మధ్య దూరం వేలితో కొలిచాను. అన్నీ సమంగానే ఉన్నాయి. తుడిచి మళ్లీ తీయడానికి ఆ అమ్మాయికి పట్టింది సరిగ్గా రెండు నిమిషాలు. ఆ సాయంత్రం నా దగ్గర లేవనుకున్న ఆ రెండు నిమిషాలే, ఇన్నేళ్లుగా ఎంత గడిపినా అయిపోవడం లేదు.