దక్షిణం దర్వాజ

మా బాపు ఒగ్గు పూజారి. మల్లన్న పండుగ చేసుకునే ఇళ్లకు పోయి నేల మీద పట్నం ముగ్గు వేసేవాడు. పసుపు, బియ్యప్పిండి, కుంకుమ, ఎండిన ఆకుల పొడి, బొగ్గుపొడి ఆయన వేళ్ల సందుల్లోంచి రాలుతుంటే గళ్లు, శూలాలు, నాలుగు దిక్కులా నాలుగు దర్వాజలు లేచేవి. పూజ కాగానే జనం దాని మీద ఆడి, తొక్కి చెరిపేసేవారు. పట్నాన్ని దాచుకోవద్దని బాపు మాట. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో డైరీలో గీసుకుంటే, ఆ కాగితం చింపించి పొయ్యిలో వేయించాడు.

శ్రీరాంపూర్ బొగ్గుగనుల్లో నక్షాలు గీసి రిటైరయ్యాను. తర్వాత కాన్వాసు మీద బొమ్మలు మొదలుపెట్టాను. ఏది వేయబోయినా పట్నమే అయ్యేది. బాపు చెయ్యే నా చేతిలో ఉందనుకున్నాను. చూసినవాళ్లకూ అదే చెప్పాను.

మొన్న ఉగాదికి ముందు, సుల్తానాబాద్ దగ్గరి మా ఊరి నుంచి అన్న వచ్చాడు. బాపు తర్వాత పట్నాలు వేసింది ఆయనే. ఇప్పుడు చెయ్యి వణుకుతోంది, వరుస మరిచిపోతున్నాడు.

"ఆదివారం మనింట్ల పండుగ. ఒక్కసారి బాపు ఏసినట్టే ఏసి ఇడిచిపెడ్త తమ్మీ. నడిమి గళ్లు యాదికొస్తలేవు. నీ బొమ్మలు చూపియ్యి."

"నాడు నా కాగితం పొయ్యిల ఏపిస్తే నవ్వినవు."

"నవ్విన. ఇప్పుడు ఏడ్వమంటవా? తియ్యి జల్ది."

బొమ్మలన్నీ గోడకు ఆనించి వరుసగా పెట్టాను. అన్న ఒక్కోదాని ముందు వంగి చూశాడు.

"గిదేందిరా? దక్షిణం దిక్కు దర్వాజేది?"

"ఆడనే ఉంటది, మంచిగ చూడు."

"ఏడ? అంత నలుపే. దేవుడు పోయే తొవ్వ గదే గద! లోపలికొచ్చినంక ఎటు పోవాలె? గోడ దుంకాల్నా?"

అన్న భోజనం చేసి నడుం వాల్చాక డైరీలు తీశాను. బొమ్మల వెనక వేసిన తేదీలతో సరిచూశాను. మొదటి రెండింట్లో దర్వాజ ఉంది. మూడోదాని నుంచి లేదు. రెండో బొమ్మకూ మూడో బొమ్మకూ నడుమ నా భార్య పోయింది. మా ఇంటికి ఉన్న ఒక్క వాకిలీ దక్షిణానికే. ఆమెను అటు నుంచే తీసుకుపోయారు. మూడో బొమ్మ వేసిన రోజు డైరీలో ఒకటే వాక్యం ఉంది: 'నలుపు రంగు అయిపోయింది, తేవాలి.'

దర్వాజ మూసినట్టు నాకు యాది లేదు. ఆమె మళ్లీ రాకుండా మూశానా, పోనియ్యకుండా మూశానా? గదిలో ఆ బొమ్మలకు వీపు పెట్టి కూర్చోలేకపోయాను. తెలియకుండా ఇంత మార్చినవాణ్ణి, నడిమి గళ్లు మాత్రం బాపువే అని ఎట్లా చెప్పాలి? అన్నకు చెప్పేద్దామని లేచాను. ఆయన మంచం మీద కూర్చుని, ఒక బొమ్మను చూస్తూ గళ్లను వేలితో గాలిలో దిద్దుకుంటున్నాడు. పెదవుల మీద లెక్క నడుస్తోంది. తలుపు దగ్గరి నుంచే వెనక్కి తిరిగాను.

ఆదివారం ఊళ్లో, బొమ్మ పక్కన పెట్టుకుని అన్న పట్నం వేశాడు. నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. దక్షిణం దిక్కు వచ్చేసరికి ఆగాడు.

"గిది నువ్వు పెట్టు."

పిండి గుప్పిట్లోకి తీసుకున్నాను. వేళ్లు విడలేదు.

"ముద్దలు చేస్తున్నవారా? పూజకు యాళ్లయితుంది!"

రెండు తెల్లటి గీతలు వేసి నడుమ జాగా వదిలాను. గాలి ఆడని ఎండ. అయినా ఆ గీతల చివర పిండి కొంచెం కదిలింది. అన్న చూడలేదు.

డోళ్లు మోగాయి. జనం పట్నంలోకి దిగి ఆడారు. గళ్లు, శూలాలు, దర్వాజలు అన్నీ ఒకే మట్టి రంగులో కలిసిపోయాయి. మోచేతుల దాకా పసుపుతో అన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"తమ్మీ, బాపుది గట్లనే ఉండె గద?"

"గట్లనే ఉండె అన్నా."

ఆయన తృప్తిగా కళ్లు మూసుకున్నాడు. బాపు పట్నం ఎట్లా ఉండేదో చెప్పగలిగినవాళ్లు ఇక ఎవరూ లేరు.