కోటమ్మత్త పెరట్లో ఎలుగుబంటి

ఎలుగుబంటిని పట్టబోయి నేను దొరికిపోయిన వైనం చెబుతాను. నవ్వుకోండి గానీ, నరసరావుపేటలో మా నాయన మెకానిక్ షెడ్డు దాకా ఈ మాట పోనివ్వకండి, మీకు పుణ్యముంటుంది.

అప్పుడే వన్యప్రాణుల పరిశోధన ప్రాజెక్టులో చేరాను. బొల్లాపల్లి కొండల కింద ఒక ఊళ్ళో, కోటమ్మత్త ఇంటి పక్క గదిలో అద్దెకున్నాను. ఆమె పెరట్లో సీతాఫలం చెట్టుంది. ఆమె పెరటికీ నా పెరటికీ మధ్య గోడ పొట్టిది, నా చెయ్యి పొడుగుది. పండ్లు మాయమైనప్పుడల్లా ఆమె ఎలుగుబంటిని తిట్టిపోసేది. నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నానా? లేదు! "ఎలుగుబంటి ఊళ్ళోకొస్తోంది సార్" అని మా సార్‌కు ఫోన్ కూడా చేశాను. ఆయన పొంగిపోయి, ఏది కదిలినా ఫొటో తీసే కెమెరా పంపి, "ఊరివాళ్ళని అడిగే కట్టు" అన్నారు.

అడిగాను. టీకొట్టు దగ్గరి మగవాళ్ళంతా "కట్టుకో" అన్నారు. వాగు ఒడ్డున చెట్టుకు కట్టొచ్చాను.

మర్నాడు ఆ కెమెరా కోటమ్మత్త కట్టెల మోపు మీద ఊరేగుతూ వచ్చింది. వెనకాల ఊరి ఆడవాళ్ళంతా ఉన్నారు.

"ఒరేయ్ మస్తానూ, ఏందిరా ఇది? కట్టెలకు పోయినోళ్ళం కాళ్ళూ మొగం కడుక్కొని కూసునే చోటది!"

"ఊరిని అడిగానత్తా..."

"టీ తాగే మొగోళ్ళని అడిగావు. అడివికి పోయేది వాళ్ళా, మేమా?"

వీళ్ళు కాదంటే ప్రాజెక్టు మూత, నా ఉద్యోగం గోవిందా. కాళ్ళావేళ్ళా పడ్డాను.

"సరే, ముందు నీ పెరట్లో వారం రోజులు కట్టు. ఆ ఫొటోలు మేమంతా చూస్తాం. అదెట్టుంటదో నీకూ తెలవాల. కెమెరా పెట్టెకు తాళమేసి, చెవి నా కాడ ఉంచుకుంటా."

ఓస్, ఇంతేనా అనుకున్నాను. రెండ్రోజులు కొత్త పెళ్ళికొడుకులా తిరిగాను. ఆ తర్వాత కెమెరా సంగతే మరిచిపోయాను. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. నేను గోతికి కెమెరా కూడా కట్టుకున్నాను.

ఆదివారం బడి వరండాలో కోటమ్మత్త తాళం తీసింది, నేను లాప్‌టాప్ తెరిచాను. మొదటి ఫొటోలో చెడ్డీతో పళ్ళు తోముకుంటున్నాను. ఈలలు! రెండోదాంట్లో బకెట్ ముందు డాన్సు. సిగ్గుతో చచ్చాను. మూడోది వచ్చేసరికి నిజంగానే ప్రాణం పోయింది. గోడకు ఇటు సగం, అటు సగం నేనే. నోట్లో ఒక పండు, చేతిలో ఇంకోటి.

కోటమ్మత్త వంగి, తేరిపార చూసింది.

"మీ సార్‌కి ఫోన్ చెయ్యరా, ఎలుగుబంటి దొరికిందని!"

వరండా కప్పు లేచిపోయింది. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, ఆమే తీర్పు చెప్పింది. "కెమెరా మేం చూపిన చోటే కట్టాల. ఫొటోలు ముందు మేం చూడాల. ఉండు, చానా బెదిరావు, ఈ పండు తిను."

ఉద్యోగం నిలిచింది. కనుక, పాపం నింద మోసిన ఆ ఎలుగుబంటి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకపై ఏ అడవిలో కెమెరా కట్టినా ముందు అక్కడ తిరిగే ఆడవాళ్ళని అడుగుతాను. ఎవరి గోడ ఎక్కినా ముందు కెమెరా ఉందేమో చూసుకుంటాను.