కాంగో వార్తలు వినడానికి బడికొచ్చిన పెద్దవ్వ

మా చిన్నప్పుడు పేపరు కరీంనగర్ బస్సులో వచ్చేది... మధ్యాహ్నం బడి మొదలయ్యే వేళకు కండక్టరు దాన్ని చుట్టచుట్టి మా బడి ముందు విసిరేసి పోయేవాడు.

ఏడో తరగతిలో సోషల్ సారు దాన్ని మా చేతే చదివించేవారు. రోజుకొకరు లేచి ఒక ప్రపంచ వార్త చదవాలి. చదివాక "నీకేమనిపించింది?" అని అడిగేవారు.

"మంచిగనిపించింది సార్" అనేసి కూర్చునేవాళ్లం... ఎక్కడో వరదలొచ్చి ఊళ్లు మునిగినా అదే జవాబు! సారు తిట్టేవారు కాదు. "జర సోచాయించి చెప్పు" అని ఆలోచించుకోనిచ్చేవారు, అంతే.

వేములవాడకు పోయే దారిలో మాది నేతపనివాళ్ల ఊరు. మా పక్కింటి లచ్చవ్వను నేను పెద్దవ్వా అని పిలిచేదాన్ని. భర్త పోయాక బీడీలు చుట్టి కొడుకును పెంచింది. ఆ కొడుకు మల్లేశం మగ్గం వదిలి మిలిటరీలో చేరాడు, లారీ నడిపేవాడు. ఆ ఏడు కాంగోలో కొట్లాటలు ఆపడానికి మన దేశం సైన్యాన్ని పంపితే, అందులో మల్లేశమూ ఓడెక్కి వెళ్లాడు.

ఒకరోజు మా పాఠం నడుస్తుండగా పెద్దవ్వ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"సారూ, గా కాంగో బొంబాయికి అవుతల ఉంటదా?"

సారు ఆమెను లోపలికి పిలిచి గోడ మీది పటం చూపించారు. ఇదిగో మనం, ఇదిగో సముద్రం, ఇదిగో కాంగో... పెద్దవ్వ ఆ నీలిరంగును చాలాసేపు చూసింది.

"గీ నీళ్లన్ని దాటి పోయిండా నా కొడుకు..."

మర్నాటి నుంచి పేపరు చదివే వేళకు వచ్చేది. మా కిటికీ కింద వరండాలో కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. లోపల మేం చదువుతుంటే బయట ఆమె కత్తెర ఆకు కత్తిరిస్తున్న చప్పుడు వినిపించేది. కాంగో మాట లేని రోజున కూడా చివరిదాకా విని వెళ్లేది.

ఆ రోజు చదవడం నా వంతు. బస్సు ఆలస్యమైంది, సారు ఇంకా పేపరు చూడలేదు.

"కాంగోలో జరిగిన పోరులో మన సైనికులు కొందరు..." అని చదివి ఆగిపోయాను.

బయట కత్తెర కూడా ఆగింది.

"ఎందుకాగినవ్ బిడ్డా?"

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. దాని కిందే వానల గురించి ఏదో ఉంది, అది చదివేద్దామా అనుకున్నాను. అప్పటికే పెద్దవ్వ లేచి కిటికీ చువ్వలు పట్టుకుంది.

"ఏది రాసుంటె గదే చదువు."

సారు నా చేతిలోంచి పేపరు తీసుకున్నారు. తరగతిలో చదవలేదు. బయటికి వెళ్లి, ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నారు.

"అమ్మా... ఆడ పెద్ద కొట్లాట అయిందట. మన సిపాయిలు కొందరు పోయిండ్రట. పేర్లు రాయలే."

"పేర్లు రాయలేదా సారూ?"

"రాయలే. రేపు నేనే కరీంనగర్ పోయి అర్సుకొస్త."

పెద్దవ్వ చాట సర్దుకుంది. "ఎవల కొడుకులో పాపం..." అని మాత్రం అని వెళ్లిపోయింది. నాకేమనిపించిందో ఆ రోజు సారు అడగలేదు. నేను వెక్కి వెక్కి ఏడుస్తున్నాను.

సారు కరీంనగర్ వెళ్లి వచ్చారు. అక్కడి సర్కారు ఆఫీసులో ఆరా తీస్తే ఎవరికీ ఏమీ తెలియదట. పెద్దవ్వ బడికి రావడం మానేసింది. మా అవ్వ, అంటే మా అమ్మ, గిన్నెలో అన్నం పంపితే అలాగే మూతపెట్టి ఉంచేది. దాంతో సారును అడిగి పేపరు నేనే సాయంత్రాలు ఆమె ఇంటికి తీసుకెళ్లేదాన్ని. ఆమె చుట్టిన బీడీల కొనలు మడుస్తూ పక్కన కూర్చుని చదివేదాన్ని. కాంగో ఒక్కటే కాదు, అన్నీ చదవమనేది. ఎక్కడో ఒక పడవ మునిగి జనం గల్లంతయ్యారని చదివితే, మర్నాడు నేను గడప దాటకముందే అడిగింది.

"గా పడవలోళ్లు దొరికిండ్రా బిడ్డా?"

పేపరంతా వెతికాను. "దాని ముచ్చటే లేదు పెద్దవ్వా."

"గట్లెట్ల ఊకుంటరు? ఇంటోళ్లు పరేషానై చూస్తుండరా?"

పేపరు మళ్లీ మొదటి పేజీ నుంచి తిరగేశాను. అంతవరకు వార్త అంటే చదివేస్తే అయిపోయేదే అనుకున్నాను...

చాలా రోజులకు మల్లేశం నుంచి కార్డు వచ్చింది. బాగానే ఉన్నాడు! పెద్దవ్వ కంటే ముందు మా అవ్వ గట్టిగా ఏడ్చింది. ఆ రాత్రి ఇద్దరూ మా ఇంట్లోనే కలిసి తిన్నారు.

ఎండాకాలం సెలవులకు ముందు మల్లేశం వచ్చాడు. సారు బడికి పిలిపించారు. మా తరగతిలో ఒకడు ఆగలేక అడిగేశాడు, "అన్నా, ఎంతమందిని కాల్చినవే?"

మల్లేశం పటం వైపు చూశాడు. "నాకొక దోస్తు ఉండె తమ్మీ. పంజాబ్ దిక్కోడు. నా పక్కనే పండేటోడు... వాడు రాలే" అన్నాడు.  సారే వెళ్లి భుజం మీద చేయి వేశారు.

మర్నాడు నేను పేపరు చదవడానికి లేచేసరికి కిటికీ కింద పెద్దవ్వ కూర్చుని ఉంది, ఒళ్లో చాటతో. ఆశ్చర్యమేసింది.

"ఇంకెందుకు పెద్దవ్వా? అన్న వచ్చిండు గద!"

"నావోడైతె వచ్చిండు బిడ్డా. అందరోళ్లు వచ్చిండ్రా? నువ్వు చదువు."

చదివాను. నేను ఆ బడిలో చదువు ముగించేదాకా ఆమె వస్తూనే ఉంది...

ఇప్పుడు నా ఫోన్లో ప్రపంచమంతా క్షణాల్లో వచ్చి పడుతోంది. వేలితో ఇలా పైకి తోస్తే ఒక యుద్ధం పోయి ఎవరిదో పెళ్లి ఫోటో వస్తుంది. నిన్నటివాళ్లు దొరికారా లేదా అని అడిగే మనిషి మాత్రం మా ఇంట్లో ఎవరూ లేరు... నాతో సహా.

మీ ఇళ్లలో అలా అడిగినవాళ్లు ఉండేవారా? ఏ దూరదేశపు కబురు విని ఎవరికి ముద్ద దిగలేదు? రాయండి... తీరిగ్గా కూర్చుని అన్నీ చదువుతాను.