గడప ముందు దించిన బతుకమ్మ

నా చిన్నప్పుడు మా గోదావరిఖని కాలనీలో నాకూ బొగ్గుకూ రంగులో తేడా ఉండేది కాదు. ఉన్న తేడా ఒక్కటే. బొగ్గు కోసం జనం పాతాళానికైనా దిగేవాళ్లు, నేను ఐదో తరగతిలో బడి మానేస్తే మా పంతులు నా కోసం బడి మెట్లు కూడా దిగలేదు. అందుకని నాకొచ్చిన చదువంతా మా నాయనమ్మ కొంగు పట్టుకుని తిరిగి నేర్చుకున్నదే.

మా నాయనలాగే ఊళ్లు వదిలి గనికి వచ్చినవాళ్లు బతుకమ్మను కూడా ఊళ్లోనే వదిలి వచ్చారు. క్వార్టర్లలో అది నామోషీ అనుకునేవారు. మా నాయనమ్మే పట్టుబట్టి మా సందులో మళ్లీ ఆట మొదలుపెట్టింది. పక్కింటి అక్కవాళ్లు చర్చికి వెళ్లేవాళ్లు, అయినా పాట ఎత్తుకునేది ఆ అక్కే. ఆమె భర్త నైట్ షిఫ్టు దిగి, కళ్ల చుట్టూ మసితోనే వెళ్లి బతుకమ్మ పేర్చడానికి గునుగు పువ్వు కోసుకొచ్చేవాడు. చుట్టూ తిరుగుతూ ఆడుతూనే ఆడవాళ్లు నల్లా నీళ్లు రాని సంగతి మాట్లాడుకున్నారు. ఒకనాడు అందరూ కలిసి ఖాళీ బిందెలతో గని ఆఫీసు ముందు కూర్చుని నీళ్లు రప్పించుకున్నారు.

అదే కొంప ముంచింది. ఇంతమంది ఒక్క మాట మీద నిలబడతారని నాయకులకు తెలిసిపోయింది. కమిటీ పుట్టింది, స్టేజీ లేచింది, మైకు వచ్చింది, జెండా వచ్చింది. పాటలో నాయకుడి పేరు చేరింది. చివరికి చర్చికి పోయేవాళ్లు ఆటలో వద్దనే మాట కూడా వచ్చింది. ఎవరూ గట్టిగా కాదనలేదు.

ఆ ఏడు వానాకాలంలోనే గనిలో పైకప్పు కూలి పక్కింటి అక్క భర్త పోయాడు. పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు ఆమె తలుపు సగం మూసుకుని లోపలే ఉండిపోయింది.

సాయంత్రం అన్నిటికన్నా పెద్ద బతుకమ్మను నెత్తిన పెట్టుకుని మా నాయనమ్మ ముందు నడిచింది. దాన్ని స్టేజీ ముందు దించాలి, నాయకుడు పువ్వు పెట్టి ఫోటో దిగాలి. ఆమె మాత్రం పక్కింటి గడప ముందు ఆగి, మెల్లగా అక్కడే దించింది.

కమిటీ ఆయన ఉరికొచ్చాడు. “అవ్వా, గిక్కడ దించినవేంది? జల్ది లేపు, సార్ వచ్చి కూసున్నడు.”

“దించినంక ఆడకుంట లేపుతరా బిడ్డా? కమిటీ పెద్దవు, గీ ముచ్చట గూడ నేనే చెప్పాల్నా?”

“గిది చర్చోళ్ల ఇల్లు గదా!”

“ఇన్నేండ్లు గునుగు తెచ్చింది గీ ఇంటోడే. అప్పుడు అడగకపోతివి.”

ఆయన తిరిగి స్టేజీ దగ్గరికి ఉరికాడు. మైకు ఊరుకోలేదు. పేరుపేరునా పిలిచింది. తమ బతుకమ్మలు ఇంకా దించనివాళ్లు తలలు వంచుకుని స్టేజీ వైపు కదిలారు. వాళ్లనూ తప్పు పట్టలేను, అందరికీ కమిటీతో ఏదో ఒక పని ఉండేది. నాయనమ్మ పక్కనే తమవీ దించి మిగిలినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నాయనమ్మ చప్పట్లు కొడుతూ పాట ఎత్తుకుంది. నాయకుడి పేరు రావాల్సిన చోట పోయిన మనిషి పేరు పెట్టింది. సగం తలుపు తెరుచుకుంది. అక్క నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు వదిలి, గడప దాటి వచ్చి మాతో కలిసింది. గొంతు మాత్రం రాలేదు, చేతుల చప్పుడే వినిపించింది.

దీపావళి దాటకముందే ఆమె క్వార్టరు ఖాళీ చేసి శ్రీరాంపూర్‌లో తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయింది.

ఇప్పుడు స్టేజీలు ఇంకా పెద్దవయ్యాయి. మైకు పట్టుకుని నవ్వించడానికి నన్నూ పిలుస్తారు. వెళ్తాను, నవ్విస్తాను. కానీ అంత గుంపును చూసినప్పుడల్లా, ఆ రోజు బతుకమ్మను వాగులో వదిలి వస్తుండగా నాయనమ్మ అన్న మాటే ముందుకొస్తుంది. “స్టేజీ కాడ జాతర లెక్కున్నది, నీ కాడ పిట్ట లేదు. ఓడిపోయినవ్ అవ్వా” అని నేనే ఎకసెక్కమాడాను. ఆమె నడక ఆపకుండానే అంది:

“ఓడితే ఓడిన తియ్. రేపు మీ నాయిన గనిలకు దిగి పైకి రాకుంటే, మన గడపకు ఎవలొస్తరో ఎవలు రారో ఇయ్యాల్నే చూసుకున్న.”